బావగారికి చెప్పండి అత్తయ్యా

సూర్యకుమారి కాపురానికొచ్చి పద్నాలుగేళ్ళయింది. ఈ పద్నాలుగేళ్ళలో వాళ్ళ బావగారు సుబ్రహ్మణ్యేశ్వరరావుతో ఒక్క మాటైనా నేరుగా మాట్లాడి ఎరగదు. తగువులేం లేవు. ఆ ఇంటి ఆచారం అది. తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడకూడదు, పడితే తలుపు చాటుకి తప్పుకోవాలి, ఆయనేదైనా అడిగితే మధ్యలో అత్తగారిని పెట్టుకుని జవాబు చెప్పాలి. ఆయనా అంతే. మరదలు మూరెడు దూరంలో నిలబడి ఉన్నా సరే, "అమ్మా, ఆ అమ్మాయిని కాసిని మంచినీళ్ళిమ్మను" అంటాడు. "మంచినీళ్ళిమ్మంటున్నాడే" అంటుంది అత్తగారు మంగాయమ్మ. "ఇదిగోండి అత్తయ్యా, బావగారికివ్వండి" అంటుంది సూర్యకుమారి. గ్లాసుడు నీళ్ళకి ముగ్గురు మనుషులు, మూడు మాటలు. విన్నవాళ్ళకి నవ్వొస్తుందేమోగాని, పద్నాలుగేళ్ళు చేసినవాళ్ళకి నవ్వు రాదు.

ఇంతకీ ఈ సూర్యకుమారిది రావులపాలెం. తండ్రి అరటిగెలల లారీకి డ్రైవరు. బడి లేని రోజున కూతుర్ని క్యాబిన్‌లో కూచోబెట్టుకుని తణుకు దాకా తీసుకెళ్ళేవాడు. పదేళ్ళకే ఆ పిల్ల కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడుని బట్టి ఏ గేరులో ఉందో చెప్పేసేది. తండ్రి మురిసిపోయి, "మగపిల్లాడివై పుట్టుంటే స్టీరింగు నీ చేతికిచ్చేసేవాణ్ణే" అనేవాడు. మెచ్చుకోలే అనుకున్నాడు పాపం. ఆ మాటకి సూర్యకుమారికి వచ్చిన కోపం, తండ్రి పోయి పదేళ్ళయినా ఇంకా పోలేదు.

పెళ్ళి కొత్తపేట పక్క పల్లెలో, తాపీ పని చేసే వరప్రసాదంతో అయింది. అతను తొంభై అయిదులో మస్కట్ వెళ్ళాడు. ఒక నెల డబ్బొచ్చేది, రెండు నెలలు ఉత్తరాలొచ్చేవి. ఉత్తరాలు వండి పిల్లలకి పెట్టలేం కదా. రెండువేల ఒకటిలో సూర్యకుమారి చేతి గాజులు తీసి, ఓ పాత మారుతీ వ్యాను కొంది. కొని, నడపడానికి మనిషిని పెట్టుకుంటుందనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. ఆవిడ తమ్ముడు బాబూరావుని పిలిపించి, కొబ్బరి తోటలో తనే నేర్చుకుంది. ముందుకి పోవడం వారంలో వచ్చేసింది. రివర్సు మాత్రం నెల పట్టింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య నుంచి వెనక్కి వెనక్కి తీస్తూ, పెయింటంతా చెట్లకిచ్చేసి, చివరికి ఓ రోజు తోట ఆ మొదలు నుంచి ఈ మొదలు దాకా ఒక్క మాను తగలకుండా వెనక్కి వచ్చేసింది. అమలాపురంలో లైసెన్సుకి వెళ్తే, ఆ రోజు వచ్చిన పదకొండు మందిలో ఆడమనిషి ఆవిడొక్కతే. బ్రేకినస్పెక్టరు ఎనిమిది వెయ్యమన్నాడు. వేసింది. నమ్మకం కలక్క మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ వేసింది. "ఇంకోటి వెయ్యనాండి" అని అడిగింది కూడా.

అప్పట్నించి పొద్దున్నా సాయంత్రం పద్నాలుగు మంది పిల్లల్ని కొత్తపేట బడికి దింపుతుంది, తెస్తుంది. మధ్యలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆవిడ బండే. పక్క పేట ఎలీసమ్మకి నొప్పులొస్తే, వాన కుమ్మేస్తుంటే, ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బయటికొచ్చేసరికి వెనక సీట్లో బిడ్డ ఏడుస్తోంది. ఆ బిడ్డకి ఇప్పుడు ఏడాది.

ఇవన్నీ బావగారికి గిట్టేవి కావు. సుబ్రహ్మణ్యేశ్వరరావు చెడ్డమనిషి కాడు, అది ఒప్పుకోవాలి. కొబ్బరి వ్యాపారం, నెమ్మదైన మాట, ఎవరేం చెప్పినా ముందు "ఆయ్" అన్నాకే తర్వాత ఆలోచించే మర్యాద. ఆ మర్యాదే ఆయన ప్రాణం మీదికొచ్చింది. కాఫీ హోటలు దగ్గర ఎవడో, "ఏవండీ, మీ మరదలుగారి బండి మా తోటలోకి కూడా బాడుగకొస్తుందాండి" అని వేళాకోళమాడితే, ఏమనాలో తెలియక "ఆయ్" అని ఇంటికొచ్చి, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "అమ్మా, బండి అమ్మేయమను" అన్నాడు. "అమ్మేయమంటున్నాడే" అంది మంగాయమ్మ. "అమ్మనని చెప్పండి అత్తయ్యా" అంది సూర్యకుమారి. మస్కట్‌కి ఫోను చేస్తే మొగుడు, "అన్నయ్య ఎలా చెబితే అలా చెయ్యి" అన్నాడు. అన్నయ్య చెప్పడు కదా, వాళ్ళమ్మ చేత చెప్పిస్తాడు. అలా ఆర్నెల్లు ఆ మాట ముగ్గురి మధ్యా తిరిగి తిరిగి, ఓ రోజు ఊరకుండిపోయింది. గొడవ సద్దుమణిగిందనుకుంది సూర్యకుమారి.

రెండువేల మూడు ఫిబ్రవరిలో ఉప్పలగుప్తం నుంచి కబురొచ్చింది. మంగాయమ్మ చెల్లెలు సరోజిని పెరట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుందట. చూసి రావాలి. "బస్సులో ఈ వయసులో ఏం కుదుపులు, వ్యానులో వెళ్దామను" అన్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు. సూర్యకుమారి తన చెవుల్ని తను నమ్మలేదు. బావగారు తన బండి ఎక్కుతానంటున్నారు. ఆదివారం పొద్దున్నే వ్యాను కడిగి, ముందు అద్దానికి పసుపు బొట్టు పెట్టి, పులిహోర కలిపి, చక్రకేళీ గెల పైన కట్టింది. కూతురు ఉమామహేశ్వరి, కొడుకు చరణ్ ఎక్కేశారు. అక్కడొచ్చింది చిక్కు. ఇంటి పెద్ద ముందు సీట్లో కూచోవాలి. కాని ముందు సీటంటే మరదలి పక్క సీటు. మరదలి పక్కన బావగారు కూచోవడమా? ఆయన వ్యాను చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, వెనక సీట్లో పిల్లల మధ్య ఇరుక్కుని కూచున్నాడు. ముందు సీటు మంగాయమ్మకి దక్కింది. డెబ్బయ్యో పడిలో మొదటిసారి అద్దంలోంచి దారి కనబడుతుంటే, ఆవిడ కొంగు సర్దుకుని మహారాణిలా కూచుంది.

ముక్కామల దాటి అంబాజీపేట మీదుగా అమలాపురం దాకా దారంతా టపాలే. "అమ్మా, నెమ్మదిగా పోనియ్యమను." "నెమ్మదిగానంటున్నాడే." "ముప్ఫై మీద వెళ్తున్నానని చెప్పండి అత్తయ్యా." "అమ్మా, ముందు గేదె." "గేదంటున్నాడే." ఆ మాట మంగాయమ్మ దగ్గర్నుంచి సూర్యకుమారికి చేరేసరికి గేదె రెండు కొబ్బరి తోటల వెనకుంది. ఉమామహేశ్వరి కిసుక్కున నవ్వింది. "నవ్వొద్దని చెప్పమ్మా" అన్నాడాయన. అది మాత్రం పిల్లకి నేరుగానే వినబడింది.

అమలాపురం అవతల పెద్ద రోడ్డు తవ్వేసి ఉంది. కాలవ గట్టు మీదుగా పొమ్మన్నారు. ఓ పక్క నిండు కాలవ, ఇంకో పక్క రెండో పంటకి వేసిన పచ్చని దాళ్వా చేలు, రెండింటికీ మధ్య ఒక్క బండి పట్టే దారి. సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ. రెండూ ముక్కూ ముక్కూ ఆనించుకున్నట్టు ఆగాయి.

గట్టు దారికో పద్ధతుంది. అక్కడ పుట్టిన పసిపిల్లాడికీ తెలుసు. దారి వెడల్పు ఎవరి వెనక దగ్గరలో ఉంటే, వాళ్ళు వెనక్కి తియ్యాలి. లారీ వెనక ముప్ఫై గజాల్లో కాలవ లాకుల దగ్గర వెడల్పుంది. వ్యాను వెనకైతే ఫర్లాంగు పైమాటే. లారీ డ్రైవరుకీ ఆ సంగతి తెలుసు. వెనక్కి తియ్యబోయి కూడా తల బయటికి పెట్టి చూశాడు. స్టీరింగు దగ్గర ఆడమనిషి. ఇంజను ఆపి, బీడీ ముట్టించుకుని దిగొచ్చాడు.

"చెల్లెమ్మా, కాస్త వెనక్కి తియ్యాలండి" అన్నాడు. "మీవల్ల కాదనుకుంటే దిగండి, పరవాలేదండి, నేను తీసిపెడతానండి."

తిట్టినా ఇంత మండేది కాదు. ఈ అండీలున్నాయే, ఇవి మా చెడ్డవి. చెంప మీద కొట్టి వెన్న రాసినట్టుంటాయి.

సుబ్రహ్మణ్యేశ్వరరావు అప్పటికే దిగి చేతులు నలుపుకుంటున్నాడు. "ఆయ్, అలాగేనండి, మా అమ్మాయి కొత్తండి, మీరే తీసిపెట్టండి" అనేశాడు. అని, కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ అమ్మాయిని దిగమను" అన్నాడు.

"దిగమంటున్నాడే" అంది మంగాయమ్మ.

సూర్యకుమారి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. లారీ డ్రైవరు వైపు చూసింది. "నావల్ల అవుతుందండి అన్నయ్యగారూ. ఇక్కణ్ణించి అమలాపురం దాకా వెనక్కే తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తానండి. కాని తియ్యనండి. లాకులు మీ వెనకున్నాయి. నా జాగాలో మగాడుంటే మీరీపాటికి తీసేసేవారు. ఇందాక రివర్సు గేరు కూడా వేసేరు, నేను విన్నాను."

డ్రైవరు నోట్లోంచి బీడీ తీసేశాడు. బావగారి మొహం ఎర్రబడింది. "అమ్మా, నలుగురూ చూస్తున్నారని చెప్పు."

"చూడనివ్వమని చెప్పండి అత్తయ్యా. చూసినవాళ్ళెవరికైనా గట్టు పద్ధతి తెలియకపోతే నేర్చుకుంటారు" అని, సూర్యకుమారి వెనక్కి తిరిగి క్యారేజీ అందుకుంది. అరిటాకు ముక్కలు పరిచి, పిల్లలకి పులిహోర పెట్టింది. అత్తగారి ఒళ్ళో ఓ ఆకు పెట్టింది. తనూ కూచుని తినడం మొదలెట్టింది. ఇప్పుడు దిగితే జీవితమంతా దిగుతూనే ఉండాలని ఆవిడకి తెలుసు.

చూస్తుండగానే అటు నాలుగు సైకిళ్ళు, ఇటు రెండు మోపెడ్లు, పాలక్యాన్లవాడు, కత్తీ మోకూ భుజాన వేసుకున్న గీత కార్మికుడు ఒకాయన చేరారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏమనుకోవద్దని చెప్పుకుంటున్నాడు. అప్పుడు మంగాయమ్మ, పులిహోరలో వేరుశనక్కాయలు ఏరుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది:

"మీ మామగారి అన్నగారు మంచాయన. ఆయనతో ఇరవయ్యారేళ్ళు ఒక కప్పు కింద బతికేను. నేను పెట్టే పులుసు ఆయనకిష్టమని పక్కింటావిడ చెబితే తెలిసింది. ఆయనతో నేనన్న మొదటి మాట ఆయన పోయిన రోజునే. పాడె ఎత్తుతుంటే, వెళ్ళొస్తారా బావగారూ అన్నాను. ఆయనకేం వినబడిందీ."

సూర్యకుమారి అత్తగారి ఆకులో ఇంకో గరిటె వేసింది.

అరగంటయింది. గీత కార్మికుడు లారీ వెనక్కి వెళ్ళి, లాకుల దాకా అంగలేసి కొలిచొచ్చాడు. వ్యాను వెనక కొలవడానికి బయల్దేరి, నలభై అంగలేసి విసుగొచ్చి తిరిగొచ్చేశాడు. "ఏమయ్యా, ఆవిడ భోజనం కూడా కానిచ్చేసేరు. రాత్రికి ఇక్కడే వంట మొదలెట్టకముందే వెనక్కి తియ్యి" అన్నాడు. జనం గొల్లుమన్నారు. లారీ డ్రైవరు కూడా నవ్వేశాడు, నవ్వి ఎక్కి, ముప్ఫై గజాలూ వెనక్కి తీసి లాకుల దగ్గర ఒదిగాడు. సూర్యకుమారి పక్క నుంచి వెళ్తూ, "వస్తానండి అన్నయ్యగారూ" అంది. "మంచిదండి చెల్లెమ్మా" అన్నాడతను. ఈసారి ఆ అండీలో వెన్న లేదు, మామూలుగానే ఉంది.

అక్కణ్ణించి ఉప్పలగుప్తం దాకా బావగారు ఒక్క టపా కూడా వెయ్యలేదు.

సరోజిని ఇల్లు రొయ్యల చెరువుల ఒడ్డున. కాలికి పిండికట్టుతో మంచం మీదుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కాసేపు ఏడ్చుకుని, కాసేపు నవ్వుకున్నారు. పీతల కూరతో భోజనాలయ్యాయి. ఎండ వాలుతుండగా సూర్యకుమారి చేతులు కడుక్కుని వాకిట్లోకొచ్చేసరికి, సరోజిని కొడుకు అమ్మిరాజు వ్యాను దగ్గరున్నాడు. ఒక్కో టైరునీ కాలితో తన్ని చూస్తున్నాడు. ముందు సీటు పైకెత్తి ఇంజనులోకి తొంగి చూస్తున్నాడు. వెనక సీటు కొలుస్తున్నాడు.

"ఈ వెనక సీటు పీకేస్తే రొయ్యల మేత బస్తాలు పన్నెండు పడతాయండి వదినా" అన్నాడు, ఎంతో ఆదరంగా. "బండి బాగా ఉంచేరు. అన్నయ్యగారు చెప్పినదాని కన్నా బాగుంది. మీరు సాయంత్రం వెళ్ళడానికి బస్సు వేళ కనుక్కుని ఉంచేను."

ఒక్క క్షణం సూర్యకుమారికి ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. ఆర్నెల్ల గొడవ ఊరికే సద్దుమణగలేదు. పిన్నిగారి కాలు విరగడం నిజమే, చూడ్డానికి రావడమూ నిజమే. కాని పొద్దున్నే లేచి, కడిగి, బొట్టు పెట్టి, తన బండిని తన చేతుల్తోనే అమ్మకానికి తోలుకొచ్చిందన్న మాట. ఒళ్ళంతా కోపం కమ్ముకొచ్చింది. కళ్ళలో నీళ్ళొస్తే తుడుచుకోలేదు. అవి ఏడుపు నీళ్ళు కావు మరి.

సుబ్రహ్మణ్యేశ్వరరావు అరుగు మీద నిలబడి ఉన్నాడు. పక్కనే గుమ్మంలో మంగాయమ్మ. లోపల్నించి సరోజిని కూడా మంచం మీద మెడ సాచి చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ అమ్మాయిని తాళాలిమ్మను. అమ్మిరాజుకి మాటిచ్చేను."

మంగాయమ్మ పలకలేదు.

"అమ్మా. తాళాలిమ్మని చెప్పు."

"నేను చెప్పనురా" అంది మంగాయమ్మ. గొంతు పెంచలేదు, మామూలుగానే అంది. "నలభయ్యేళ్ళు ఈ ఇంట్లో అందరి మాటలూ మోసేను. నోరు నొప్పెట్టింది. నీకు నోరుంది కదా, నువ్వే అడుగు."

చూడాలి ఆయన అవస్థ. అటు చూశాడు, తల్లి మొహం తిప్పుకుంది. ఇటు చూశాడు, చరణ్ ఉన్నాడుగాని తొమ్మిదేళ్ళ వాడి చేత ఇంత పెద్ద మాట చెప్పించడానికి ఆయనకి మనసొప్పలేదు. అమ్మిరాజు వెనక సీటు ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చివరికి సుబ్రహ్మణ్యేశ్వరరావు రెండు మెట్లు దిగి, నేలకేసి చూస్తూ, పద్నాలుగేళ్ళలో మొట్టమొదటిసారి మరదలితో నేరుగా మాట్లాడాడు.

"అమ్మాయ్... ఆ తాళాలు..."

సూర్యకుమారి తలుపు చాటుకి తప్పుకోలేదు. అసలక్కడ తలుపే లేదు, ఆరుబయట నిలబడి ఉంది. తలెత్తి ఆయన్నే చూసింది.

"ఇవ్వనండి బావగారూ."

అని, తాళాలు కొంగున ముడేసుకుంది.

"మీ తమ్ముడు మీరెలా చెబితే అలా చెయ్యమన్నారు. మీరు మాకు పెద్దవారు, కాదనను. మీ మాటకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదండి. చెప్పడానికి మన మధ్య అసలు మాటే లేదు కదండీ. బండి నా గాజులు. కాగితాల్లో నా పేరు. రేపు పొద్దున్న ఏడింటికి పద్నాలుగు మంది పిల్లలు సంచులు తగిలించుకుని రోడ్డు మీద నా కోసం నిలబడతారు. వాళ్ళకేం చెప్పాలో మీరు చెప్పండి. అత్తయ్యకి కాదు, నాకు చెప్పండి. వింటాను."

సుబ్రహ్మణ్యేశ్వరరావు కోపం తెచ్చుకోవాలని చూశాడు, వచ్చినట్టు లేదు. కోప్పడాలన్నా కొంత అలవాటుండాలి. ఈ మనిషితో ఆయనకి పలకరింపు అలవాటు కూడా లేదాయె. ఆవిడ గొంతు ఇలా ఉంటుందని కూడా ఆయన ఇవాళే గమనించాడు కాబోలు.

"నాకు..." అన్నాడు. "నాకు వీధిలో తలవంపులుగా ఉంటుందమ్మా."

నిజం చెప్పేశాడు. మధ్యలో మోసేవాళ్ళు లేకపోతే నిజాలు అలాగే జారిపోతాయి.

"నాకు లేదండి" అంది సూర్యకుమారి. "మీకుంటే నేను తీర్చలేను. ఎవరైనా ఏదైనా అంటే, నన్నే అడగమనండి. నేను చెప్పుకుంటాను."

చెరువుల్లో రొయ్యలకి గాలందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన అమ్మిరాజు వైపు తిరిగి, "సీటు దింపెయ్యరా" అన్నాడు.

"మాటిచ్చేరు కదండీ అన్నయ్యగారూ."

"ఇచ్చేను. నాది కాని బండికి ఇచ్చేను. తప్పు నాదే, ఏమనుకోకు."

అమ్మిరాజు సీటు దింపాడు. లోపల్నించి సరోజిని, "నా కాలు విరిగితే విరిగింది గాని, మంచి చోద్యమే చూసేనే అక్కా" అంది. మంగాయమ్మ నెమ్మదిగా మెట్లు దిగి, కోడలి పక్కన నిలబడి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

పిల్లలెక్కారు. మంగాయమ్మ ముందు సీట్లో ఎక్కింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు మాత్రం బస్సుకి వెళ్ళాలా, బండెక్కాలా అన్నట్టు గేటు దగ్గర ఆగిపోయాడు. సూర్యకుమారి ఇంజను స్టార్టు చేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టింది. అత్తగారి వైపు చూడలేదు.

"ఎక్కండి బావగారూ" అంది. "వెలుతురుండగా గట్టు దాటాలి."

ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు.